ఏమని పిలవాలో వాళ్ళనే అడుగుదాం

మన తెలుగులో ఎదుటి మనిషిని పిలవాలంటే ముందు ఒక లెక్క తేల్చుకోవాలి. ఆడా మగా? మనకన్నా పెద్దా చిన్నా? ఈ రెండూ తేలితే గానీ నోట్లోంచి మాట రాదు. మా చెన్నేకొత్తపల్లిలో అయితే మరీను. కూరగాయల బండి అబ్బాయి "అన్నా", పాలు పోసే ఆవిడ "అక్కా", బస్సులో పక్క సీటు ముసలాయన "తాతా", ఆయన పక్కన ముసలామె "అవ్వా". పేరుతో పనే లేదు, వరస చాలు.

అందుకేనేమో, ధర్మవరంలో బెంగళూరు రైలెక్కినప్పుడు చప్పట్లు కొడుతూ ఎవరైనా పెట్టెలోకి వస్తే, చాలామంది ఆడవాళ్ళు గబగబా పర్సులోంచి పది రూపాయలు తీసి, మొహం కిటికీ వైపు తిప్పుకుని చెయ్యి చాపేస్తారు. అందులో భయం కొంత ఉంది. ఏమని పలకరించాలో తెలియకపోవడం అంతకన్నా ఎక్కువ ఉంది. ఒకసారి నా పక్కన కూర్చున్న పల్లెటూరి అవ్వ మాత్రం చెంగు ముడి విప్పి, "ఇంద తల్లీ, నాకాడ ఇంతే ఉండాది" అంది. ఆమె నవ్వి, అవ్వ తలమీద చెయ్యి పెట్టి దీవించి ముందుకు పోయింది. పెట్టెలో తక్కిన అందరికీ కష్టంగా ఉన్న సంగతిని ఆ అవ్వ ఒక్క మాటతో తేల్చేసింది.

మగపిల్లాడిగా పుట్టి చీర కట్టుకునేవాళ్ళని మనం ఏమంటాం, వాళ్ళు తమని తాము ఏమనుకుంటారు? ఈ రెంటి మధ్య దూరం గురించి రాయాలని చాలా రోజులుగా అనుకుంటున్నాను. వంటింటి కబుర్లూ పిల్లల చదువులూ రాసుకునే చోట ఇదెందుకు అనకండి. ఇది కూడా ఇంటి సంగతే. ఎలాగో చెప్తాను.

బి.ఏ.లో తెలుగు వ్యాకరణం చదువుకున్నదాన్ని కాబట్టి ముందు అక్కడినుంచే మొదలుపెడతాను. పరవస్తు చిన్నయ సూరి బాలవ్యాకరణంలో పదాలని మహత్తులు, అమహత్తులు అని విడదీశారు. ఆడవాళ్ళూ, జంతువులూ, ప్రాణం లేని వస్తువులూ పోగా మిగిలినవి మహత్తులు. అంటే మగవాళ్ళు. రాముడు వచ్చాడు. సీత వచ్చింది, ఆవు వచ్చింది, బండి వచ్చింది. చూశారా, సీతా ఆవూ బండీ ఒకే వరసలో ఉన్నాయి! అది చదివిన రోజు మా క్లాసు ఆడపిల్లలందరం గొల్లున నవ్వాం. తర్వాత అంత నవ్వు రాలేదు. అదే వ్యాకరణంలో ఇంకో సంగతీ ఉంది. బహువచనంలోకి వెళ్ళగానే ఆడవాళ్ళు మహత్తుల్లో కలిసిపోతారు. ఆవులు వచ్చాయి, కానీ స్త్రీలు వచ్చారు, పురుషులు వచ్చారు. గౌరవంగా మాట్లాడాలన్నా ఆ బహువచనమే వాడతాం. అమ్మగారు వచ్చారు, నాన్నగారు వచ్చారు. "వారు", "మీరు", "వచ్చారు" అనే మాటల్లో ఆడా మగా తేడా లేనే లేదు.

ఇంగ్లీషువాళ్ళు ఈ విషయంలో ఏ సర్వనామం వాడాలో తెలియక తంటాలు పడుతున్నారని మా అమ్మాయి చెప్తుంటే, మన భాషలో ఆ సౌకర్యం ముందునుంచీ ఉంది కదా అనిపించింది. కాస్త మర్యాద ఇస్తే చాలు. ఎదుటివాళ్ళు ఆడో మగో తేల్చాల్సిన పని మనకుండదు.

కానీ మనం వాడే మాటలు చూడండి. కొజ్జా, ఆడంగి, తేడా, పాయింట్ ఫైవ్. సినిమాల్లో ఈ మాటలకి హాలంతా నవ్వుతుంది. "ఆడంగి" అనే తిట్టు గురించి ఎప్పుడైనా ఆలోచించారా? ఆడదానిలా ఉన్నాడు అనడమే తిట్టు. తిట్టింది అతన్నే అయినా అందులో మనకీ వాటా ఉంది. భారతంలో పేర్లని కూడా వదిలిపెట్టలేదు. బృహన్నల అనీ శిఖండి అనీ ఎగతాళి చేస్తారు. నిజానికి ఆ ఇద్దరి కథలూ వేరు. అర్జునుడు విరాటుడి కొలువులో బృహన్నలగా ఉన్నది అజ్ఞాతవాసం ఏడాదిపాటే. ఉత్తరకి నాట్యం నేర్పి, గడువు తీరగానే మళ్ళీ గాండీవం పట్టుకున్నాడు. శిఖండి ఆడపిల్లగా పుట్టి మగవాడిగా బతికినవాడు. ఒకరిది వేషం, ఒకరిది జీవితం. మన పురాణాలు చెప్పినవాళ్ళకే ఈ తేడా తెలుసు. మనమే ఇద్దరినీ ఒకే తిట్టు కింద కట్టేశాం.

పత్రికల్లో కొన్నాళ్ళు "లింగమార్పిడి వ్యక్తులు" అని రాశారు. తిట్టు కాదు, నిజమే. కానీ ఆ మాటలో ఏదో ఆపరేషను జరిగితేనే ఆ మనిషి అలా అయ్యారన్న అర్థం వస్తుంది. వాళ్ళలో చాలామంది చెప్పేది వేరు. మారడానికేముంది, నాకు ఊహ తెలిసినప్పటినుంచీ నేను ఆడపిల్లనే, ఒళ్ళే అలా కుదరలేదు అంటారు. ఆపరేషను చేయించుకున్నవాళ్ళున్నారు, అక్కర్లేదనుకున్నవాళ్ళున్నారు, డబ్బు లేక ఆగినవాళ్ళున్నారు. పక్కన తమిళనాడులో "తిరునంగై" అనే మాట వాడుకలోకి వచ్చింది. గౌరవనీయమైన స్త్రీ అన్నట్టు దాని అర్థం. ఆడపిల్లగా పుట్టి మగవాడిగా బతికేవాళ్ళకి "తిరునంబి" అని ఇంకో మాట ఉంది. మనకి అలాంటి చక్కటి మాట ఇంకా స్థిరపడలేదు. "ట్రాన్స్‌జెండర్" అనే ఇంగ్లీషు మాటనే తెలుగు చేసుకున్నాం. హిజ్రా అనేది అందులో ఒక భాగమే. గురువు, చేలాలు, తమ ఇల్లు, తమ కట్టుబాట్లు ఉన్న ఒక సమూహం అది. ట్రాన్స్‌జెండర్లు అందరూ హిజ్రాలు కారు.

అసలు చీర కట్టిన మగవాళ్ళందరూ ఒక బాపతు కారు. ఇది మన రాయలసీమ వాళ్ళకి ఎవరూ కొత్తగా చెప్పక్కర్లేదు. కర్నూలు జిల్లా ఆదోని మండలం సంతెకూడ్లూరులో హోలీ పండక్కి మగవాళ్ళు పట్టుచీరలు కట్టి, నగలు పెట్టి, పూలు ముడుచుకుని రతీమన్మథులకి పూజ చేస్తారు. ఇంట్లో ఆడవాళ్ళే దగ్గరుండి ముస్తాబు చేస్తారు. మొక్కు తీరాక చీర విప్పి, పంచె కట్టి పొలానికి పోతారు. వాళ్ళని ఎవరూ ఏమీ అనరు. తిరుపతి గంగమ్మ జాతరలోనూ అంతే. ఆడవాళ్ళని చెరబట్టే పాళెగాడిని వెతుక్కుంటూ గంగమ్మ రోజుకో వేషంలో వచ్చిందని కథ. ఆమె వేషాలు కట్టేది మగవాళ్ళే. ఊళ్ళో మామూలు మగపిల్లలు కూడా మొక్కుకుని చీరా జాకెట్టూ వేసుకుని గుడికి వెళ్తారు. తల్లులే పిన్నులు గుచ్చి పైట సర్దుతారు.

కూచిపూడి మగవాళ్ళ సంగతి సరేసరి. సిద్ధేంద్రయోగి మాట ప్రకారం ఆ ఊరి మగబిడ్డ జీవితంలో ఒక్కసారైనా సత్యభామ వేషం కట్టాలని చెప్పుకుంటారు. వేదాంతం సత్యనారాయణ శర్మగారు సత్యభామగా జడ పట్టుకుని నిలబడితే చూసినవాళ్ళు ఆయన మగవాడంటే నమ్మేవారు కాదట. ఆయనకి 1970లో పద్మశ్రీ వచ్చింది. అంతకుముందే నాటకరంగంలో స్థానం నరసింహారావుగారు సత్యభామ, చిత్రాంగి, మధురవాణి పాత్రలు వేసి 1956లో పద్మశ్రీ అందుకున్నారు. వీళ్ళు కళాకారులు. తెర దిగాక వాళ్ళు ఏ ఇంటి యజమానులో ఆ ఇంటి యజమానులే.

ఇంకా దగ్గరి ఉదాహరణ చెప్పనా? ధర్మవరంలో పట్టుచీరల అంగడికి వెళ్తే, మనకి కొంగు ఎలా పడుతుందో చూపించడానికి సేల్స్ అబ్బాయి చీరని తన భుజం మీదే వేసుకుని, కుచ్చిళ్ళు పట్టి నిలబడతాడు. "ఇట్ల వస్తాది చూడండక్కా" అంటాడు. మనం అంచు చూస్తాం, జరీ చూస్తాం, బేరమాడతాం. అతన్ని వేరే చూపు చూసిన ఆడది ఇంతవరకూ నాకు కనబడలేదు.

అంటే చీరతో మనకి గొడవ లేదన్నమాట. దేవుడి పేరో, కళ పేరో, వ్యాపారం పేరో చెప్తే ఒప్పుకుంటాం. అవేవీ లేకుండా "నాకిలా ఉంటేనే బాగుంది" అన్నప్పుడే మనకి ఊపిరాడదు.

ఇక్కడ ఇంటి సంగతి రాస్తాను. ఊరూ వరసా కాస్త మార్చాను, కాబట్టి ఎవరని ఆరా తియ్యకండి. మాకు ఆడబిడ్డ వరసయ్యే ఒకామె ఒక మధ్యాహ్నం ఇంటికొచ్చింది. మగ్గాల మీద బతికే ఇల్లు వాళ్ళది. కాఫీ చల్లారిపోతున్నా తాగకుండా కూర్చుంది. చివరికి సంచిలోంచి ఒక జాకెట్టు తీసి నా చేతిలో పెట్టింది. మెరూన్ రంగుది, మంచి కుట్టు.

"ఇది ఎవరిదో చెప్పు వదినా" అంది.

చూశాను. భుజాలు వెడల్పు, చేతులు పొడుగు, వాళ్ళింట్లో ఏ ఆడదాని కొలతా కాదు. కొడుకు పెట్టెలో అడుగున దొరికిందట. వాడికప్పటికి ఇరవై దాటాయి, డిగ్రీ అయిపోయి ఒక అంగట్లో లెక్కలు రాస్తున్నాడు. జాకెట్టుతోపాటు ఒక చీర, గాజులు, చిన్న అద్దం కూడా ఉన్నాయట.

"వాడు ఆ బాపతేనా వదినా? నిజం చెప్పు. రైళ్ళల్లో తిరిగేటోళ్ళల్లో కలిసిపోతాడా? వాళ్ళ నాయనకి తెలిస్తే కాళ్ళు ఇరగ్గొడతాడు. పెండ్లి చేస్తే సరిపోతాదంటాది మా అమ్మ. పిల్లని గూడా చూసినాం."

ఆమె అడిగిన వాటిలో ఒక్కదానికీ నేను జవాబు చెప్పగలిగినది లేదు. వాడు ఏమిటో తేల్చి చెప్పడానికి నేనెవర్ని? అదే అన్నాను. "పెట్టె తెరిచావు, జాకెట్టు తీశావు, నా దగ్గరికి తెచ్చావు. వాణ్ణి అడిగావా?"

"ఏమని అడిగేది?"

"నీకేం కావాలి నాయనా అని అడుగు. ఏంరా నువ్వు ఆ బాపతా అని మాత్రం అడగొద్దు."

పెళ్ళి మాట మాత్రం గట్టిగానే చెప్పాను. వాడి మనసులో ఏముందో వాడికే తేలకుండా, ఆ పిల్లకి ఒక్క మాట చెప్పకుండా మూడుముళ్ళు వేయించడం మీ అబ్బాయికే కాదు, ఆ పిల్లకీ చేసే అన్యాయం అన్నాను. ఏ ఇంటి ఆడపిల్లో వచ్చి, నాలుగేళ్ళ తర్వాత అదే పెట్టె తెరిస్తే అప్పుడు ఆమె ఎవరి దగ్గరికి వెళ్ళాలి?

ఆమె అడిగింది. వాడు చాలాసేపు ఏడ్చి, ఒక మాట చెప్పాడట. అదే నాకు బాగా గుర్తుండిపోయింది. "అవి కట్టుకుంటే మనసు నెమ్మదిగా ఉంటాదమ్మా. నేను ఆడపిల్లనా అంటే తెలీదు. మగోణ్ణి కాదా అంటే అదీ తెలీదు. తెలిసినాక మొదట నీకే చెప్తా."

ఆమెకి ఈ జవాబు చాల్లేదు. ఇదని ఒక పేరు చెప్తే భరించగలను, పేరే లేకపోతే ఎట్లా అని బాధపడింది. తల్లి బాధ నాకర్థమైంది. జ్వరమొస్తే కూడా టైఫాయిడ్ అని తెలిసేదాకా మనకి నిద్ర పట్టదు. కానీ ఇది జ్వరం కాదు కదా.

ఇంగ్లీషులో "క్రాస్‌డ్రెసర్" అనే మాట ఉంది. ఆడవాళ్ళ బట్టలు కట్టుకోవడంలో ఊరట పొందే మగవాళ్ళు. వాళ్ళలో చాలామంది తాము మగవాళ్ళమనే అంటారు. భార్యాపిల్లలతో సంసారాలు చేస్తున్నవాళ్ళూ ఉంటారు, ఉద్యోగాలు చేస్తున్నవాళ్ళూ ఉంటారు. ట్రాన్స్‌జెండర్ స్త్రీ సంగతి అలా కాదు. ఆమెకి చీర అన్నది ముఖ్యమే కాదు, నైటీ వేసుకున్నా ప్యాంటు వేసుకున్నా ఆమె తనని స్త్రీగానే ఎరుగును. ఎవరిని ఇష్టపడతారు, ఎవరితో కాపురం చేస్తారు అన్నది పూర్తిగా మూడో సంగతి. ఈ మూడింటినీ మనం ఒకటే ముద్ద చేస్తాం. పైగా మనిషి ఒకచోటే ఉండిపోవాలనీ లేదు. మొదట వేషమే అనుకుని, పదేళ్ళకి "కాదు, నేను స్త్రీనే" అని తెలుసుకున్నవాళ్ళున్నారు. అటు వెళ్ళి చూసి, "నాకు ఇంతవరకే చాలు" అనుకున్నవాళ్ళూ ఉన్నారు. ఏ పేరూ వద్దనేవాళ్ళూ ఉన్నారు. జాకెట్టు కుట్టించుకునే మనకి తెలియనిదేముంది? ఒకరి కొలత ఇంకొకరికి పట్టదు. మన కొలతే పెళ్ళికి ముందు ఒకలా, ఇద్దరు పిల్లలయ్యాక ఒకలా ఉంటుంది.

ఇంకో మాట. మా అమ్మాయి వాళ్ళన్న చొక్కా వేసుకుని కాలేజీకి పోతుంది. జీన్సు వేస్తుంది, జుట్టు కత్తిరించుకుంటుంది. నాలుగు మాటలు అన్నా ఎవరూ ఆమెకి ఒక పేరు పెట్టరు. అదే మగపిల్లాడు ఓణీ భుజాన వేసుకుంటే ఇల్లు దద్దరిల్లిపోతుంది. ఎందుకంటారు? ఆడపిల్ల మగవాడి బట్టల్లోకి వెళ్తే ఒక మెట్టు ఎక్కినట్టు, మగవాడు ఆడదాని బట్టల్లోకి వస్తే ఒక మెట్టు దిగినట్టు మన లెక్క. ఆ లెక్కలో కింది మెట్టు మీద ఉన్నది మనమే. వాళ్ళని చూసి మనం కూడా నవ్వుతున్నామంటే, మనల్ని అక్కడ నిలబెట్టిన లెక్కని మనమే ఒప్పుకున్నట్టు కదూ?

పి. సత్యవతిగారి "ఇల్లలకగానే" కథ మీలో చాలామంది చదివే ఉంటారు. ఇల్లు అలుకుతూ అలుకుతూ తన పేరే మర్చిపోయిన ఇల్లాలి కథ. ఎవర్నడిగినా నువ్వు ఫలానా వాళ్ళ భార్యవి, ఫలానా పిల్లల తల్లివి అంటారు గానీ పేరు చెప్పరు. చిన్ననాటి స్నేహితురాలు పిలిస్తే గానీ ఆమెకి పేరు గుర్తురాదు. అదే సత్యవతిగారు తమిళనాడుకు చెందిన ఎ. రేవతి జీవితకథని "ఒక హిజ్రా ఆత్మకథ"గా తెలుగు చేశారు. 2019 సంవత్సరానికి ఆమెకి సాహిత్య అకాడమీ అనువాద పురస్కారం వచ్చింది ఆ పుస్తకానికే. పేరు మర్చిపోయిన ఇల్లాలి గురించి రాసిన చేతికి, పేరు మార్చుకున్న ఆమె కథ తెలుగు చెయ్యాలనిపించడం నాకేమీ వింతగా తోచలేదు. దొరైసామి అని ఇంట్లో పెట్టిన పేరుతో పుట్టిన బిడ్డ, రేవతి అని తను ఎంచుకున్న పేరుతో నిలబడటానికి ఇంట్లో అన్నల చేతా బయట పోలీసుల చేతా ఎన్ని దెబ్బలు తిన్నదో ఆ పుస్తకంలో ఉంది. చదువుతుంటే మధ్యలో మూసేసి లేచి తిరగాల్సి వస్తుంది. మనకి పేరు పోయింది, ఆమెకి పేరు ఇవ్వలేదు. మనం ఎవరి భార్యో చెప్పి అయినా ఇల్లు అద్దెకి తీసుకోగలం. ఆమె అదీ చెయ్యలేదు. ఈ తేడా మాత్రం మరిచిపోకూడదు.

అయితే పేర్లే వద్దు, అందరం మనుషులమే అనేస్తే సరిపోతుందా? సరిపోదు. పేరు లేనివాళ్ళకి రేషన్ కార్డు రాదు. 2011 జనగణనలో మొదటిసారి మగ, ఆడ కాక "ఇతరులు" అని లెక్క తీశారు. దేశమంతా కలిపి 4,87,803 మంది, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 43,769 మంది ఆ గడిలోకి వచ్చారు. 2014 ఏప్రిల్ 15న సుప్రీంకోర్టు, తాను మగో ఆడో మూడో లింగమో చెప్పుకునే హక్కు ఆ మనిషిదేననీ, ఆపరేషను చేయించుకుంటేనే ఒప్పుకుంటామనడం చెల్లదనీ తీర్పు చెప్పింది. తర్వాత 2019లో చట్టం చేశారు. కలెక్టరు దగ్గర ప్రమాణపత్రం ఇచ్చి ట్రాన్స్‌జెండర్ అని సర్టిఫికెట్ తీసుకోవచ్చనీ, దానికి వైద్య పరీక్ష అక్కర్లేదనీ 2020 నియమాల్లో రాశారు. కానీ స్త్రీ అనో పురుషుడు అనో మార్చుకోవాలంటే మాత్రం ఆపరేషను అయినట్టు ఆసుపత్రి కాగితం తెమ్మన్నారు. మన రాష్ట్రంలో 2017 చివర్లో వీళ్ళకి నెలకి 1500 రూపాయల పింఛను ఇవ్వాలని నిర్ణయించారు. కాగితం మీద ఒక పేరు ఉండబట్టే కదా అది సాధ్యమైంది.

అదే కాగితం ఒకప్పుడు సంకెలగా ఉండేది. ఇంగ్లీషువాళ్ళు 1871లో నేరస్థ తెగల చట్టం తెచ్చినప్పుడు వీళ్ళనీ అందులో ఒక భాగంగా చేర్చి, రిజిస్టర్లు పెట్టి పేర్లు రాయించారు. నిజాం రాజ్యంలో 1919లో అలాంటిదే ఇంకో చట్టం వచ్చింది. రిజిస్టరులో పేరున్నవాళ్ళు ఆడబట్టలతో బజార్లో కనబడితే వారంటు లేకుండా పట్టుకుపోవచ్చట. ఆ చట్టాన్ని తెలంగాణ హైకోర్టు కొట్టేసింది 2023 జూలైలో. నూరేళ్ళు దాటాక! అప్పుడూ రిజిస్టరే, ఇప్పుడూ రిజిస్టరే. అప్పుడు పోలీసు వచ్చి పేరు రాసుకున్నాడు, ఇప్పుడు మనిషి వెళ్ళి తన పేరు తను రాయించుకుంటున్నారు. తేడా అంతా అందులోనే ఉంది.

మన అనంతపురం పక్కనే బళ్ళారి. అక్కడి మంజమ్మ జోగతి పేరు వినే ఉంటారు. మగపిల్లాడిగా పుట్టి, ఎల్లమ్మ తల్లికి అంకితమై జోగతిగా మారి, ఇంటికి దూరమై, అడుక్కుని బతికి, జోగతి నృత్యం నేర్చుకుని, 2019లో కర్ణాటక జానపద అకాడమీకి అధ్యక్షురాలైంది. 2021లో పద్మశ్రీ అందుకోవడానికి రాష్ట్రపతి ముందు నిలబడి, చీర కొంగుతో ఆయనకి దిష్టి తీసింది. ఆ వీడియో మా ఇంట్లో పదిసార్లు చూశాం. మా అత్తగారు "ఎంత చక్కగా తీసింది, మన ఇండ్లల్లో పెద్దముత్తైదువు తీసినట్టు" అన్నారు. ఆమె ఆడా మగా అన్న ప్రశ్న అత్తగారికి తట్టనే లేదు.

జోగతి అనే పేరు మంజమ్మకి ఒక గుడిని, ఒక పాటని, నిలబడే చోటుని ఇచ్చింది. కానీ పాతకాలంలో ఆ చోటు ఒక్కటే ఉండేది. ఇలాంటి బిడ్డ పుడితే ఎల్లమ్మకో హిజ్రా ఇంటికో, ఆ రెండే దార్లు. దేవతకి ఇచ్చేశాం అనుకుంటే తల్లిదండ్రులకి బరువు దిగేది. ఆ బిడ్డకి దేవత ఇష్టమా, చదువు ఇష్టమా, చీరల అంగట్లో లెక్కలు రాయడం ఇష్టమా అని అడిగినవాళ్ళు ఎవరు?

మా ఆడబిడ్డ కొడుకు ఇప్పుడు బెంగళూరులో ఉద్యోగం చేస్తున్నాడు. పెళ్ళి మాట ఆపేశారు. వాళ్ళ నాన్నకి ఇంకా చెప్పలేదు. వాడు ఇంకా తనకొక పేరు పెట్టుకోలేదు. తల్లి మాత్రం ప్రతి ఆదివారం ఫోన్ చేస్తుంది, అన్నం తిన్నావా అని అడుగుతుంది. మొన్న నాతో అంది, "వాడేమైతే ఏముంది వదినా, ఉండాడు కదా, అదే సాలు." అది అనడానికి ఆమెకి రెండేళ్ళు పట్టింది. ఆ రెండేళ్ళూ ఆమె సరిగ్గా నిద్రపోలేదు.

మా ఇంట్లో నేను పిల్లలకి చెప్పింది ఇంతే. తెలియనప్పుడు "మీరు" అనండి. పేరు అడగండి, చెప్పిన పేరుతోనే పిలవండి. అక్కా అనమంటే అక్కా అనండి, అన్నా అంటే అన్నా. వాళ్ళ ఒంటి గురించి, ఆపరేషన్ల గురించి అడగొద్దు, మనల్ని బస్సులో ఎవరైనా అలా అడిగితే ఎలా ఉంటుందో తలుచుకోండి. పాత పేరు తవ్వొద్దు. ఇవాళ ఒకటి చెప్పి రేపు ఇంకొకటి చెప్తే, సరే అనండి.

మీ ఊళ్ళో, మీ ఇళ్ళల్లో ఇలాంటివాళ్ళని ఏమని పిలుస్తారు? మంచి మాట ఏదైనా ఉంటే రాయండి. మన తెలుగుకి ఇంకా ఒక మాట బాకీ ఉంది.